దినం అనే ఫోల్డర్

పాత మ్యాక్ కంప్యూటర్లు మొరాయిస్తే తెర మధ్యలో ఒక చిన్న బాంబు బొమ్మ వచ్చేది. గుండ్రటి నల్లటి బాంబు, దానికి అంటుకున్న వత్తి. కింద ఏదో నంబరు, రీస్టార్ట్ చేయమని ఒక బటన్. సికింద్రాబాద్‌లో ఆ బొమ్మను చూసి భయపడనివాళ్ళు బహుకొద్దిమంది. వాళ్ళలో నేనొకణ్ణి. అదే నా బతుకుతెరువు, అదే నా పొగరు కూడా.

ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న కాలం. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే. నాతో చదివినవాళ్ళు ఒక్కొక్కరే మెడలో బ్యాడ్జీ వేసుకుని కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. నేను ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు దగ్గర తడబడి వెనక్కి వచ్చి, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, ఫోటో స్టూడియోల్లో మిగిలిపోయిన మ్యాక్‌లు బాగుచేసే పనిలో పడ్డాను. సీతాఫల్‌మండిలో మా ఇంటి నుంచి స్కూటర్ మీద బయల్దేరేవాణ్ణి. సంచిలో సీడీలు, స్క్రూడ్రైవర్లు. కొత్త మిషన్ కొనుక్కోలేనివాళ్ళే నా కస్టమర్లు. వాళ్ళకు నేను తప్ప ఇంకో దారి లేదని నాకు తెలుసు. గడప దగ్గరే నిలబడి "ఏం ఖరాబ్ చేసిండ్రు?" అని అడిగేవాణ్ణి. ఏమైంది అని ఎన్నడూ అడగలేదు.

బోయిగూడ వైపు దిగే ఒక సందులో ఉండేది, అందరూ మాస్టారు అని పిలిచే ఫోటోగ్రాఫర్ స్టూడియో. ఆయనది విజయనగరం వైపు. కుర్రతనంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒకప్పుడు నెగెటివ్‌ల మీద సన్న బ్రష్షుతో ముఖాలు దిద్దేవాడట. తర్వాత ఎవరో ప్రెస్సువాళ్ళు తీసేస్తుంటే ఒక పాత మ్యాక్ కొనుక్కుని, ఆ బ్రష్షు పనే మౌసుతో చేయడం నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్ట్ సైజులు ఆయన దగ్గరికి పెద్దగా వచ్చేవి కావు. ఎవరైనా పోతే, కర్మ నాడు పెట్టుకునే ఫోటో కోసం వచ్చేవాళ్ళు. రేషన్ కార్డు మీది తల అయినా సరే, పెళ్ళి గ్రూపులో వెనక వరసలో సగం దాగిన ముఖమైనా సరే, విడదీసి, భుజాలు సరిచేసి, నీలం బ్యాక్‌గ్రౌండ్ వేసి ఇచ్చేవాడు. ఆడవాళ్ళ ఫోటో అయితే "ఆవిడకి ఏ రంగు చీర ఇష్టం?" అని ఇంటివాళ్ళను అడిగి, ఆ రంగే వేసేవాడు.

స్టూడియోలో ఫోన్ లేదు. మిషన్ ఆగిపోతే మూలమీది ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తేవాడు. ఒకసారి ఆ బూత్‌లోంచి "బాబూ, మా దుకాణంలో బాంబొచ్చీసింది, బేగి రా!" అని అరిచాడు. లైన్లో నిలబడ్డవాళ్ళు చెల్లాచెదురయ్యారు. బూత్ ఓనరు కొన్నాళ్ళు ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

ఇంకోసారి ఫోన్ చేసి, "స్క్రాచ్ డిస్క్ నిండిపోయిందంటోంది బాబూ. నేను ఫోటోల మీద గీతలు తుడుస్తున్నాను కదా, అవన్నీ ఎక్కడికెళ్తున్నాయేటి, అందులోకేనా?" అన్నాడు. నేను పగలబడి నవ్వి, వెళ్ళిన ప్రతి చోటా ఆ మాట చెప్పి జనాన్ని నవ్వించాను. నిజానికి స్క్రాచ్ డిస్క్ అంటే, ఫోటో సాఫ్ట్‌వేర్ పని చేసుకోవడానికి హార్డ్‌డిస్క్‌లో వాడుకునే ఖాళీ జాగా. ఒక్క నిమిషం కూర్చుని ఆ సంగతి ఆయనకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆయనకు తెలియకపోతేనే కదా నన్ను పిలుస్తాడు.

ఆ ఏడు వానలకు మురుగునీటి నాలా పొంగి బోయిగూడలో పల్లపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లోనూ వచ్చాయి. మంచం కింది ట్రంకు పెట్టె మునిగి, అందులోని ఆల్బమ్‌లన్నీ ముద్దయ్యాయి. వానలు వెలిసిన కొన్నాళ్ళకే ఆయన భార్య జ్వరంతో పోయింది. ఆమెది ఒక్క ఫోటో మిగిలింది, గోడకు వేలాడేది. గోడ చెమ్మకు అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. పెద్దాయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని మాస్టారి దగ్గరికి తెచ్చాడు.

మాస్టారు ముందు అద్దంతో సహా స్కాన్ చేశాడు. ఆ తర్వాత ఇంకా బాగా వస్తుందేమోనని, పెద్దాయన ముందే, నీళ్ళు చిలకరిస్తూ ఫోటోను అద్దం నుంచి మెల్లగా ఊడదీశాడు. కాగితం చేతిలోకి వచ్చింది. ముఖం పొరలు పొరలుగా అద్దానికే ఉండిపోయింది, వాటినీ గోకి తీయబోతే పొట్టులా రాలిపోయాయి. పెద్దాయన బిత్తరపోతే, "ఏటీ పరవాలేదు, మిషన్లో ఉందావిడ" అని ధైర్యం చెప్పి పంపాడట. పొరపాటున కూడా చెరిగిపోకూడదని ఆ ఫైలుకు తాళం కూడా వేశాడు. మ్యాక్‌లో ఫైలుకు తాళం వేసుకోవచ్చు. ఐకాన్ మీద చిన్న తాళంకప్ప బొమ్మ కనిపిస్తుంది.

స్కాన్‌లో అద్దం మెరుపు, బూజు మచ్చలు పడ్డాయి. అవి తీసేందుకు, ఫోటో సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ఒక ప్లగిన్ వచ్చిందని నేనే ఆయనకు చెప్పాను. కర్మ దగ్గరపడుతోంది, తెచ్చి వేయమన్నాడు.

ఒక మధ్యాహ్నం వెళ్ళాను. వెళ్ళగానే ఎప్పటిలాగే, "ఏం ఖరాబ్ చేసిండ్రు మాస్టారూ?"

"ఏటీ సెయ్యలేదు బాబూ. నువ్వొచ్చేదాకా ముట్టుకోనైనా లేదు. కూర్చో, టీ చెప్పొస్తాను."

ఆయన టీకి వెళ్ళాడు. నేను మిషన్ ముందు కూర్చున్నాను. ప్లగిన్ ఎక్కించబోతే డిస్క్‌లో జాగా లేదంది. ఏది ఉండాలో, ఏది పోవాలో వాళ్ళని అడక్కుండా తీసేయడం నాకు అలవాటు. అడిగితే ప్రతిదీ కావాలంటారు, గంటలు పడుతుంది. చూస్తే అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్ ఒకటుంది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, డి, ఐ, ఎన్, ఏ, ఎమ్.

మా ఇంట్లో 'దినాం' అంటే రోజూ అని. "దినాం గిట్లనే లేటుగ వస్తవ్" అని మా అమ్మ తిట్టేది. చావు తర్వాత చేసేవాటిని మేం దినాలు అంటాం. ఇంగ్లీషు అక్షరాలకు దీర్ఘం ఉండదు. నేను దాన్ని దినాం అనే చదువుకున్నాను. రోజువారీ సరుకు, పాస్‌పోర్ట్ సైజులు, ప్రింటు తీసి ఇచ్చేసినవి, అనుకున్నాను. తెరిచి చూడలేదు. లాగి చెత్తబుట్టలో వేశాను. ఖాళీ చేయబోతే, కొన్ని ఫైళ్ళకు తాళాలున్నాయి, తీసేయడం కుదరదు అంది. ఆప్షన్ కీ నొక్కిపెట్టి ఖాళీ చేస్తే తాళాలున్నవి కూడా పోతాయని నాకు తెలుసు. నా వేలు ఆ కీ మీదికి దానంతటదే వెళ్ళింది.

అక్కడిదాకా అది పొరపాటు. అక్కడే ఆగి ఉంటే ఈ నాలుగు పేజీలు రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆయన టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ప్లగిన్ ఎక్కింది. ఏదో పాత ఫోటో మీద నడిపి చూపించాను. మచ్చలు మాయమవుతుంటే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"అయితే ఇంక ఆ ముసలావిడ పని పట్టేద్దాం" అని మౌసు అందుకున్నాడు. కాసేపు అటూ ఇటూ కదిపాడు. "దినం ఏది బాబూ?"

"ఏం దినాం?"

"దినం ఫోల్డరు. పెద్దదినం ఫోటోలు అందులోనే ఎడతాను కదా. ఇక్కడే ఉండాలి."

వాళ్ళ వైపు కర్మను పెద్దదినం అంటారని అప్పుడు అర్థమైంది. నా చేతిలో టీ గ్లాసు ఉంది. వేడికి వేళ్ళు కాలుతున్నా కింద పెట్టలేకపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెత్తబుట్ట ఖాళీ చేసినంత మాత్రాన ఫైలు నిజంగా పోదు. ఇంటి నంబరు పలక పీకేసినట్టు అంతే, ఇల్లు అక్కడే ఉంటుంది. ఆ జాగాలో మిషన్ ఇంకేదైనా రాసినప్పుడే అది పోతుంది. ఆ క్షణంలో మిషన్ ఆపేసి, "నేనే తీసేసిన మాస్టారూ, దీన్ని ముట్టకండి" అని, స్కూటర్ మీద ఇంటికి వెళ్ళి, పోయిన ఫైళ్ళను తిరిగి తెచ్చే సీడీ పట్టుకొస్తే, ఆమె దొరికేది. ఆ సీడీ మా ఇంట్లో బీరువా మీదే ఉంది. ఇదంతా గ్లాసు పట్టుకున్న ఆ కాసేపట్లోనే నాకు తట్టింది.

నేను అన్నది ఇది: "నేనేం ముట్టలే. మీరే వేరే పేరుతోటి ఎక్కడ్నో సేవ్ చేసుంటరు. ఒక్కొక్కటి ఓపెన్ చేసి చూస్కోండ్రి, దొరుకుతది."

అది తెలియక అన్న మాటేనని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఒక్కో పెద్ద ఫైలు తెరిచినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేర్ ఖాళీ జాగాలో రాసుకుంటుంది. ఆమె ఉన్నది ఇప్పుడు ఆ ఖాళీ జాగాలోనే. ఆయన వెతికేకొద్దీ ఆమె చెరిగిపోతుంది. చెత్తబుట్టలో వేసింది నేనైతే, చెరిపే పని ఆయన చేతికిచ్చి బయటపడ్డాను.

"అంతేనంటావా" అన్నాడు. "నాకీ మజ్జ మతిమరుపు ఎక్కువైంది" అని తన నెత్తిన తనే ఒకటి మొట్టుకుని, మొదటి ఫైలు తెరిచాడు.

నేను బేగంపేటలో ఒక యాడ్స్ ఆఫీసుకు వెళ్ళిపోయాను. అక్కడ ఏసీ, రంగురంగుల కొత్త మ్యాక్‌లు, ఇంగ్లీషులో మాట్లాడే అమ్మాయిలు. ఆ ఆఫీసులో ఎలాగైనా ఉద్యోగం సంపాదించాలని నా ఆశ. ప్రింటర్ కలపడం పది నిమిషాల పని. కానీ ఒకే కేబుల్‌ను పెట్టి తీస్తూ, తీసి పెడుతూ ఉన్నాను. మాస్టారు ఫైలు తర్వాత ఫైలు తెరుస్తుండడం కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని ఎవరో అడిగారు. అప్పుడైనా ఆ బూత్‌కు ఫోన్ చేసి, మాస్టారికి ఆపమని చెప్పమంటే సరిపోయేది. ఫోన్ నా మోచేతి దగ్గరే ఉంది. చేస్తే ఎందుకు ఆపాలో చెప్పాలి. చేయలేదు.

సాయంత్రం పొద్దు గుంకకముందే సీడీ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. తిండి కూడా తిన్నట్టు లేదు.

"మొత్తం సూసీసేను బాబూ. రెండోసారి కూడా సూస్తన్నాను."

నేనేదో మేలు చేస్తున్నవాడిలా ఆయన్ని లేపి కూర్చున్నాను. సీడీ నడిచింది. పోయిన పేర్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఆమె ఫైలు కూడా వచ్చింది. తెరిచాను. బొమ్మ పైనుంచి మెల్లగా దిగసాగింది. నెరిసిన జుట్టు, పాపిడి, నుదురు, పెద్ద కుంకుమ బొట్టు, కనుబొమల మొదలు. అక్కడితో ఆగింది. దాని కింద అంతా బూడిదరంగు గీతలు, ఎవరిదో పెళ్ళి షామియానా ముక్కలు. అది మాస్టారు ఆ మధ్యాహ్నం తెరిచిన ఫోటోల్లో ఒకటి.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏటైంది బాబూ దీనికి?"

"డిస్క్ ఖరాబైంది మాస్టారూ" అన్నాను. "పాతది కదా. అప్పుడప్పుడు గిట్ల తింటది ఫైళ్ళను."

నమ్మాడు. నేను ఏం చెప్పినా నమ్మేవాడు.

మర్నాడు పెద్దాయన వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. డిస్క్ మారుస్తున్నాను. మంచిగా ఉన్న డిస్క్‌ను, నా అబద్ధం నిలబెట్టుకోవడానికి. మాస్టారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, డిస్క్ గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"నా చేతుల్లోనే పోయిందండి" అన్నాడు. "కాపీ తీసి పెట్టాల్సింది. పెట్టలేదు."

"పోయిందా?" పెద్దాయనకు మొదట అర్థం కాలేదు. "గా మిషన్ల ఉన్నదన్నవ్ గద మాస్టర్‌సాబ్? ఏం ఫికర్ లేదన్నవ్ గద?"

"అన్నానండి."

"మా ముసల్దాన్ని నీ చేతుల వెట్టిన. తువ్వాల్ల చుట్టుకొని, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చి వెట్టిన. అద్దం మీదన్న జెర ఉండనియ్యకపోతివి. గోకి గోకి తీస్తివి. ఇప్పుడు గీ డబ్బాలకెల్లి సుత పాయెనంటవ్." గొంతు పెరిగింది. సందులో వాళ్ళు తొంగి చూశారు. "నువ్వు శవాల మీద బతికేటోనివి, నీకేం తెలుస్తది. నీ ఇంట్ల ఎవరన్న పోతే తెలుస్తది."

ఆ మాటకు మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. నేను మిషన్ వెనక వంగి, తిప్పాల్సిన అవసరం లేని ఒక మరను తిప్పుతూ ఉన్నాను.

ఫోటో లేకుండా కర్మ చేయడం చుట్టాల్లో బాగుండదని, పెద్దాయన మరదలు, చనిపోయినామె చెల్లెలు, తనే ముందుకు వచ్చింది. "అక్కకూ నాకూ పోలిక ఉంటదంటరు గద, నా మొఖం తీసి చేయండ్రి" అంది. మాస్టారు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీశాడు. ఆమె ఏడుపు ఆపుకోలేక చాలాసార్లు తీయాల్సి వచ్చింది. పైన సీడీతో దొరికిన నిజమైన నుదురు, బొట్టు. కింద చెల్లెలి కళ్ళు, ముక్కు, నోరు. స్కాన్ చేసిన రోజు చూసినది గుర్తు తెచ్చుకుంటూ ముక్కును కాస్త వెడల్పు చేశాడు, బుగ్గలు లోపలికి తీశాడు. నేను తెచ్చిన ప్లగిన్‌తో అతుకు కనబడకుండా చేశాడు. చాలా బాగా పనిచేసింది అది.

కర్మకు నేను వెళ్ళలేదు. అక్కడ జరిగింది తర్వాత మాస్టారే చెప్పాడు. ఫోటోకు దండ వేయగానే మరదలు లేచి బయటికి వెళ్ళిపోయిందట. బతికున్న మనిషి తన ముఖానికి దండ పడడం చూస్తూ ఎలా కూర్చుంటుంది? చుట్టాలు గుసగుసలు పోయారట. ఆ మాట బస్తీ అంతా పాకింది. కర్మ ఫోటోలకు జనం వేరే చోటికి పోసాగారు. నేనొక్క మాట చెప్పి ఉంటే ఆ మాట నా మీదికి వచ్చేది. నాకు పోయేది ఒక కస్టమర్, కొంచెం పరువు. ఆయనకు పోయింది పని. కొన్నాళ్ళకు షట్టర్ దించేసి వెళ్ళిపోయాడు. పక్క దుకాణంవాళ్ళను అడిగితే, వాళ్ళ వైపే పోయిండేమో అన్నారు. ఊరి పేరు వాళ్ళకు తెలియదు. ఇన్నేళ్ళ పరిచయంలో నేనూ అడగలేదు.

బేగంపేట ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. బాంబు బొమ్మ వచ్చే మ్యాక్‌లు తుక్కు కిందికి పోయాయి. మా అమ్మ పోయినప్పుడు ఫ్రేముకు ఫోటో వెతుకుతూ కూర్చున్నాను. మా దగ్గర ఆమెవి లెక్కలేనన్ని ఉన్నాయి. ఏది బాగుందో తేల్చుకోలేక నా భార్య, చెల్లెలు వాదించుకుంటున్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను. అమ్మ దినాలు అయిపోయాక, బోయిగూడకు వెళ్ళాను.

పెద్దాయన బతికే ఉన్నాడు. బాగా వంగిపోయాడు. నేనెవరో గుర్తుపట్టలేదు. కుర్చీ చూపించాడు. ఎదురు గోడ మీద ఆ ఫోటో, గంధపు చెక్కల దండతో. నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చుని మొత్తం చెప్పాను. ఫోల్డర్ పేరు, తాళం, ఆప్షన్ కీ, టీ గ్లాసు, బేగంపేట ఫోన్. మాస్టారి తప్పు ఒక్కటీ లేదని చెప్పాను. తిడతాడని, కొట్టినా కొడతాడని అనుకున్నాను. ఒక రకంగా అందుకే వెళ్ళాను.

పెద్దాయన అంతా విన్నాడు. తర్వాత, "ఆయనను శవాల మీద బతికేటోనివన్న" అన్నాడు. "నీ ఇంట్ల పోతే తెలుస్తదన్న. ఎక్కడున్నడాయన?"

"తెలియదు."

"యాడికని పోవాలె ఇప్పుడు నేను, ఆ మాట వాపస్ తీస్కోనీకి?"

ఆయన నా వెనక గోడ వైపు చూశాడు.

"మరదలు ఈ ఇంటికి వస్తలేదు, అప్పటిసంది" అన్నాడు. "తన మొఖానికి దండేసి ఉంటే ఎట్లొస్తది? తీసేద్దామంటే నుదురు మా ముసల్దానిదాయె." కొంచెం ఆగి, "ఇంకోటి చెప్తా బిడ్డా. మొదట్ల కండ్లు మూస్కుంటే ఆమెనే కనిపిస్తుండె. దినాం దీన్నే చూసీ చూసీ, ఇప్పుడు కండ్లు మూస్కున్నా ఇదే కనవడ్తది. అసలుది పాయె."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు మారింది. అందులో కోపం లేదు, ఏదో ఆశ.

"నువ్వు చూసినవా ఆమెను? ఆ మిషన్ల, తీసేసేటప్పుడు?"

"తెరవలేదు" అన్నాను. "సాయంత్రం సీడీ వేసినప్పుడు చూసిన. నుదురు దాకా. బొట్టు దాకా వచ్చింది."

"బొట్టు నాకూ యాదున్నది" అన్నాడు. "దానికింద ఎట్లుండె?"